డ్రమ్ములో బార్లీ నీళ్లు

టీలో బార్లీ గింజ తేలింది.

రమణయ్య గ్లాసును వెలుతురుకేసి ఎత్తి పట్టుకున్నాడు. గింజను వేలితో పైకి తీసి, అరచేతిలో పెట్టుకుని కోడలికి చూపించాడు. దీవిలోని చాతం రంపపు మిల్లులో రిటైరయ్యేదాకా దుంగల మధ్య బతికిన మనిషి. చెక్క ముక్క వాసన చూసి అది ఏ చెట్టుదో చెప్పగలడు. ఈ గింజ టీలోకి ఎలా వచ్చిందో మాత్రం ఆయనకు అంతుబట్టలేదు.

"ఏటే రాజకుమారీ, నాకు కూడా బార్లీ పట్టమన్నాడా డాక్టరు?"

"మీకెందుకు మావయ్యా? మీకు రాయి లేదు కదా."

రాజకుమారి తన గ్లాసులో టీ ఒక గుక్క తాగి చూసింది. అదే చప్పిడి వాసన. నిన్నటి చారులోనూ అదే వచ్చింది. మొన్న పప్పులోనూ వచ్చింది. రేషను కందిపప్పు మీద అనుమానపడి షాపువాణ్ని అరగంట తిట్టుకుంది పాపం.

లేచి వంటింట్లోకి వెళ్లింది. తాగే నీళ్ల నీలం డ్రమ్ము మూత తీసి, గరిటె అడుగుదాకా దించి పైకి తీసింది. ఉబ్బిన బార్లీ గింజలు నాలుగైదు గరిటెలో మెరిశాయి.

కత్తిపీట ముందు నూకరత్నం కూర్చుని ఉంది. బీరకాయ చెక్కు అంత శ్రద్ధగా తీయడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"అత్తా."

"ఊఁ."

"పొద్దున్న నీకిచ్చిన బార్లీ నీళ్లు తాగావా?"

"తాగాను కదే. ఖాళీ గ్లాసు నీకే ఇచ్చాను కదా."

"నిన్నటివి?"

"అవీ తాగాను."

"మరి డ్రమ్ములోకి ఇవెలా వచ్చాయి?"

నూకరత్నం బీరకాయను అటు తిప్పింది, ఇటు తిప్పింది. దానికి ఇంక తీయడానికి చెక్కు మిగల్లేదు.

"ఎంగిలి కాదే," అంది చివరికి. "మూతి ఆనించలేదు. ఒట్టు. ఎలగిచ్చావో అలగే పోశాను."

రమణయ్య గుమ్మం దగ్గరికి వచ్చి పగలబడి నవ్వాడు. "ఇంకో మనిషైతే అరిటి మొక్క మొదట్లో పారబోసి ఊరుకుండును. నా పెళ్లాం చూశావా? మళ్లీ డ్రమ్ములోనే పోసింది!"

"పారబోస్తానా? అంత మంచి నీళ్లు పారబోడానికి సేతులెలగొస్తాయయ్యా?" అంది నూకరత్నం, అదేదో తన మీద వేసిన అపవాదు అయినట్టు.

నిజమే, ఆమెకు చేతులు రావు. సునామీ వచ్చాక ఇది రెండో ఎండాకాలం. పైపులో నీళ్లు మూడు రోజులకోసారి వస్తున్నాయి, అవీ పిల్లి మూత్రమంత ధార. వాళ్లుండే లంబాలైన్ పేట మొత్తంలో నీళ్లు పొదుపుగా వాడటంలో నూకరత్నానికి సాటి లేరని పేరు. కూరగాయలు కడిగిన నీళ్లతో గచ్చు కడిగి, ఆ నీళ్లనే మొక్కలకు పోస్తుంది. పక్కింటి కాళమ్మ తన కోడళ్లను తిట్టేటప్పుడు "రత్నం దీదీని చూసి నేర్చుకోండే" అంటుంది. ఆ మాట గోడవతల నుంచి వినబడితే నూకరత్నానికి ఆ పూట అన్నం అక్కర్లేదు.

కానీ రాజకుమారికి నవ్వు రాలేదు. పోయిన వారం ఆస్పత్రిలో స్కానింగ్ తీసిన డాక్టరు చెప్పిన మాటలు ఆమె చెవుల్లో ఇంకా ఉన్నాయి. కుడి పక్క రాయి. చిన్నదే. కిడ్నీ కొంచెం ఉబ్బింది. నీళ్లు బాగా పట్టించండి, తనంతట తనే జారిపోవచ్చు. వారం తర్వాత మళ్లీ చూస్తాను, వాపు పెరిగి ఉంటే మాత్రం ఆగేది లేదు, ఓడెక్కి మద్రాసు పోవాలి, కోసి తియ్యాలి.

ఆ వారం రేపటితో అయిపోతుంది. భర్త యుగంధర్ ఓడ మీద పోవాల్సిన హట్‌బేలో ఇళ్లు కట్టే పని మీద ఉన్నాడు. "అమ్మ తాగుతోందా?" అని అతను ఫోన్ చేసినప్పుడల్లా "ఫికర్ చెయ్యకు, చక్కగా తాగుతోంది" అని రాజకుమారి చెబుతూ వచ్చింది. వారం రోజులుగా తను మొగుడికి అబద్ధం చెప్పిందన్న సంగతి ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఒళ్లు మండిపోయింది.

"రా అత్తా. వాకిట్లోకి రా."

"ఎందుకే?"

"రమ్మంటున్నానా?"

రాజకుమారి స్కూల్లో సైన్సు టీచరు. అల్లరి పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచే గొంతు అది. ఆ గొంతుకు ఎదురు చెప్పడం నూకరత్నానికి కూడా చేతకాలేదు. సాయంత్రపు ఎండ ఇంకా వాకిట్లో ఉంది. రాజకుమారి ముగ్గు డబ్బా తెచ్చి, నేల మీద రెండు పెద్ద చిక్కుడు గింజలు గీసింది. ఒక్కోదాని నుంచి కిందికి ఒక్కో గీత దించింది. రెండు గీతలూ కలిసే చోట ఒక సంచి గీసింది.

"ఇవి కిడ్నీలు. ఒక్కోటి నీ గుప్పిడంత. వీపు వైపు, పక్కటెముకల కింద, వెన్నెముకకు చెరో పక్క ఉంటాయి. కుడిది కొంచెం కిందికి."

"కిందికి అలగే గీశావా? నీ సెయ్యి వొణికిందనుకున్నాను," అన్నాడు రమణయ్య.

"పైన లివర్ కూర్చుంటుంది మావయ్యా, అందుకని. ఇప్పుడు విను అత్తా. ఒంట్లో రక్తమంతా వీటిలోంచి తిరుగుతూనే ఉంటుంది. లోపల లక్షల జల్లెడలు. పొద్దుట్నించి మళ్లీ పొద్దుటిదాకా ఎంత వడకడతాయో తెలుసా? మన నీలం డ్రమ్ముకి కొంచెమే వెలితి."

నూకరత్నం చెయ్యి బుగ్గ మీదికి పోయింది. "ఓలమ్మ! డ్రమ్ముడు నీళ్లే? అన్నీ పోతే మనిసెలగ బతుకుతాడే?"

"పోనివ్వవు. చెత్త ఒక్కటే పక్కన పెట్టి, మంచి నీళ్లన్నీ మళ్లీ రక్తంలోకి లాగేసుకుంటాయి. చివరికి బయటికి పోయేది ఒకటి రెండు చెంబులు."

ఈ పాఠం చెప్పినప్పుడు పదో తరగతి పిల్లలు ఆవులిస్తారు. నూకరత్నం ఆవులించలేదు. ఆమె ముఖం వెలిగిపోయింది.

"డ్రమ్ము నీళ్లు తిప్పి తిప్పి వాడి, రెండు సెంబులే పారబోస్తాదా!" అంది. "విన్నావేటయ్యా? దేవుడు నా లోపల కూడా నాలాటి దాన్నే పెట్టాడు. మరి అంత పొదుపుగా సంసారం సేసుకునే దాని నెత్తిన నువ్వు సెంబులు సెంబులు కుమ్మరిస్తానంటే ఎలగే? దానికి ఉక్రోషం రాదూ?"

రాజకుమారి తల పట్టుకుంది. తను చెప్పిన పాఠం తన మీదికే తిరిగింది.

"ఎంత పొదుపరికైనా అంట్లు తోమడానికి నీళ్లు కావాలా వద్దా? నువ్వు చుక్క ఇవ్వకపోతే అడుగున ఉప్పు పేరుకుంటుంది. మన కెటిల్ అడుగున తెల్లగా కట్టలేదూ? అలా కట్టిందే నీ రాయి. ఈ గొట్టం చూడు. జానెడు పొడుగు, చీపురుపుల్లంత సన్నం. పిండుకుంటూ పిండుకుంటూ కిందికి తోస్తుంది. నీ రాయి ఇక్కడ ఇరుక్కుంది."

మామగారి చేతిలోంచి బార్లీ గింజ తీసుకుని గీత మధ్యలో పెట్టింది.

"పైనుంచి నీళ్లు తోసుకొస్తే ఇది జారి ఈ సంచిలో పడుతుంది. రాకపోతే ఇక్కడే కూర్చుంటుంది. దాని వెనక నీళ్లు నిలిచిపోయి కిడ్నీ ఉబ్బుతుంది. ఉబ్బి ఉబ్బి ఒకనాడు పని మానేస్తుంది. అప్పుడు నీ పొదుపుగత్తె ఉండదు అత్తా. బస్, ఉండదు!"

కోపంగా చెబుదామనుకున్నది ఏడుపుగా వచ్చింది. అత్త అంటే తనకు ఇంత ఇష్టమని రాజకుమారికి కూడా అప్పుడే తెలిసినట్టుంది.

నూకరత్నం కోడలి ముఖం వైపు చూసింది.

"అరే దీదీ, కొత్త ముగ్గా?" గోడ మీద నుంచి కాళమ్మ తల పైకి లేచింది. "రెండు జీడిమామిడి పళ్లు, కింద పూలకుండీ! బహుత్ అచ్ఛా హై. ఎన్ని సుక్కలే రాజకుమారీ?"

"చుక్కలు లేవు పిన్నీ. గీతల ముగ్గు."

"రేపు నా వాకిట్లో కూడా ఏస్తాను. మధ్యలో పసుపు కూడా సల్లితే బాగుంటాది."

కాళమ్మ తల కిందికి దిగగానే నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుంది. "ఛీ ఛీ, నలుగురూ తిరిగే వాకిట్లో ఒంటేలు సంచి ముగ్గు! సెరిపెయ్యే, సెరిపెయ్యి!" అంటూ తనే వంగి చేత్తో తుడవబోయింది.

వంగినది అలాగే ఉండిపోయింది. కుడి చెయ్యి నడుం మీదికి పోయింది. ముఖం పాలిపోయింది. రమణయ్య ఒక్క అంగలో వచ్చి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టారు. నొప్పి వీపు నుంచి పొత్తికడుపులోకి జారుతోందని ఆమె చేతి కదలికే చెబుతోంది.

కాసేపటికి ఊపిరి కుదుటపడింది. రాజకుమారి చెంబుతో నీళ్లు తెచ్చి చేతుల్లో పెట్టింది. నూకరత్నం చెంబును రెండు చేతులా పట్టుకుంది. తాగలేదు. ఆమె చూపు చెంబు మీద నుంచి లేచి, ఇంటి పక్కగా వెనక్కి పోయి, స్నానాల గది తలుపు మీద ఆగి, గబుక్కున వెనక్కి వచ్చింది.

రాజకుమారి ఆ చూపును పట్టుకుంది.

మరుగుదొడ్డి కూడా ఆ గదిలోనే. అత్త తెల్లవారకముందే ఒక్కసారి అందులోకి పోతుంది, పోయినంత వేగంగా వస్తుంది. స్నానం ఇంటి వెనక రేకుల చాటునే, ఆ నీళ్లు అరిటికి పారతాయని. మధ్యాహ్నం దాటితే మంచినీళ్లు ముట్టదు, డ్రమ్ము తరిగిపోతుందని. ఇదంతా పొదుపే అనుకున్నారు ఇంట్లోవాళ్లు. మెచ్చుకున్నారు కూడా.

"అత్తా, నిజం చెప్పు. నీకు కష్టం నీళ్లు తాగడమా? తాగాక అక్కడికి పోవాల్సి రావడమా?"

నూకరత్నం చెంబులోకి చూసింది.

రమణయ్యకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. ఆయనకు ఏ నిశ్శబ్దమూ నచ్చదు. "దాన్నేటడుగుతావే?" అన్నాడు తేలిగ్గా. "భూమి ఊగిపోతుంటే ఇంటికి తాళం ఎయ్యడానికి ఆగిన మనిసి. దాని లెక్కలు మనకి అర్థమవుతాయా?"

అది ఆ ఇంటి పాత హాస్యం. సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున్న భూకంపానికి అందరూ ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తితే, నూకరత్నం తీరిగ్గా తాళం వేసి వచ్చిందని వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతారు. విశాఖపట్నం ఫోన్ చేసినప్పుడు కూడా చెబుతారు. చెప్పినప్పుడల్లా అందరికంటే ముందు నూకరత్నమే నవ్వుతుంది.

ఈసారి నవ్వలేదు.

"తాళం ఎయ్యలేదు," అంది.

"ఏటి?"

"ఆ రోజు నేను తాళం ఎయ్యలేదు. నేను లోపలున్నాను." గడ్డంతో స్నానాల గది వైపు చూపించింది. "ఊగడం మొదలెట్టింది. గెడ తీశాను. తలుపు రాలేదు. పైన గుమ్మం కమ్మి ఒంగిపోయి బిగిసిపోయింది. అరిశాను. మీరూ అరుస్తున్నారు, ఎవలకి ఇనిపిస్తాది? సింధూరి ఏడుపు ఇనిపించింది. తరవాత అదీ ఇనిపించలేదు. ఎళ్లిపోయారనుకున్నాను."

ఆ పొద్దున్న రాజకుమారి, అప్పటికి చంటిపిల్ల అయిన తన కూతురు సింధూరిని గుండెలకు అదుముకుని ఎయిర్‌పోర్టు పక్క ఖాళీ స్థలానికి పరిగెత్తింది. అత్త మావయ్యతో వస్తోందనుకుంది. మావయ్య, ఆవిడ కోడలితో ఉందనుకున్నాడు. ఎంతసేపటికో నూకరత్నం జుట్టు నిండా సున్నంతో, అరచేతులు గీరుకుపోయి వచ్చింది. ఎక్కడ ఆగిపోయావని రమణయ్య కోప్పడితే "తాళం ఏసొచ్చాను" అంది. అందరూ నవ్వారు. ప్రాణాలు దక్కిన సంతోషంలో మరీ గట్టిగా నవ్వారు.

"ఇనప బకెట్టుతో కింద చెక్క పగలగొట్టాను. పాక్కుని వచ్చాను," అంది నూకరత్నం. "ఇప్పుడు కూడా ఆ తలుపేస్తే సాలు, ఊపిరాడదు. గోడలు ఊగుతున్నట్టే ఉంటాది. అందుకే మానుకున్నాను. తాగితే కదా పోవాలి."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు అత్తా?"

"ఏటని సెప్పను? సముద్రం ముంచేసిన కార్నికోబార్ దీవి నుండి వచ్చినోళ్లు ఎయిర్‌పోర్టు కాడ కూకుని మొగుడు లేడు, బిడ్డ లేదు అని ఏడుస్తా ఉంటే, నేను పోయి బాత్రూములో ఇరుక్కున్నానని సెప్పుకోనా? నవ్వరూ?"

రాజకుమారి ఏడ్చేసింది. అత్త మోకాళ్ల మీద తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది. "ఊరుకోయే, బతికే ఉన్నాను కదా" అంటూ నూకరత్నం ఆమె వీపు నిమిరింది.

ఆ రోజుల్లో రమణయ్య, ఆ తలుపు కింద పగిలిన చెక్కను భూకంపమే పగలగొట్టిందనుకుని, మంచి పడౌక్ కలప ముక్క తెచ్చి తనే అతికాడు. బాగా అతికానని మురిసిపోయాడు కూడా. ఆ చెక్క ఎందుకు పగిలిందని అడగడం తోచలేదు. ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు.

మామగారు లోపల ఏడుస్తున్నాడేమోనని రాజకుమారి భయపడింది. కానీ లోపలి నుంచి ఇనప సామాను చప్పుడు వచ్చింది. రమణయ్య స్క్రూడ్రైవరు, సుత్తి పట్టుకుని తిన్నగా స్నానాల గది దగ్గరికి పోయాడు. మొదటి బందుకు స్క్రూడ్రైవరు పెట్టాడు.

"ఏటి సేస్తున్నావు?" నూకరత్నం మెట్టు మీద నుంచే అరిచింది.

"తలుపు తీస్తున్నాను."

"మతి గానీ పోయిందా? తలుపు లేని బాత్రూమేటి? కోడలున్న ఇల్లు!"

"పరదా కడతాను."

"నలుగురూ ఏటనుకుంటారు?"

"ఏటనుకుంటే నాకేటి? ఆ ముగ్గు చూసిన తరవాత ఇంకా ఏటనుకుంటారు?"

ఏడుస్తూనే రాజకుమారికి నవ్వొచ్చింది. కళ్లు తుడుచుకుని లేచి, తన పెట్టెలోంచి మందపాటి నేత చీర తెచ్చి మామగారి భుజం మీద వేసింది. "ఇది కట్టండి మావయ్యా. నాకేం ఫరక్ పడదు. హాస్టల్లో దీనికంటే ఘోరంగా ఉండేది."

పడౌక్ అతుకుతో సహా తలుపు ఊడి వచ్చింది. రమణయ్య దాన్ని మోసుకుపోయి గోడకు ఆనించాడు. గుమ్మానికి తాడు కట్టి చీర వేలాడదీశాడు. చెక్క స్టూలు తెచ్చి పరదాకు వీపు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఇక నుండి ఇదే నా డ్యూటీ. నువ్వు లోపలున్నంతసేపు నేనిక్కడే."

"నీ మొకం," అంది నూకరత్నం. కానీ ఆ ముఖం వైపే చూస్తూ ఉండిపోయింది.

తర్వాత చెంబు ఎత్తింది. నోట్లోకి ధారగా పోసుకుంది. గుటక గుటకకూ గొంతు కదలడం రాజకుమారి కళ్లార్పకుండా చూసింది. సగం తాగి నూకరత్నం మూతి ముడిచింది.

"ఏటే ఇవి, బార్లీ వాసనేస్తున్నాయి?"

"నువ్వు పోసినవే అత్తా."

ముగ్గురూ నవ్వారు. నూకరత్నం ఆ చెంబు ఖాళీ చేసింది. కాసేపాగి ఇంకో చెంబు తెమ్మంది. డ్రమ్ము వైపు ఒకసారి బెంగగా చూసింది గానీ అదీ తాగింది.

దీపాలు పెట్టే వేళకు ఆమె కూర్చున్న చోట కదలడం మొదలుపెట్టింది. సంచి సగం నిండగానే మెదడుకు కబురు పోతుందని ముగ్గులో చెప్పని పాఠాన్ని ఇప్పుడు చెబుదామనుకుని రాజకుమారి నోరు నొక్కుకుంది. నూకరత్నం లేచింది. పరదా దాకా నడిచి ఆగింది.

"ఉంటావు కదా?"

"ఉంటానే."

ఆమె లోపలికి వెళ్లింది. పరదా కదిలి నిలిచింది.

"ఉన్నావా?"

"ఉన్నాను."

"అటే చూస్తున్నావా?"

"కాళమ్మ గోడ చూస్తున్నాను. సున్నం రాలిపోయింది, పాపం."

అప్పుడు వంటింట్లో గిన్నెల స్టాండు గలగలలాడింది. వేలాడే బల్బు అటూ ఇటూ ఊగింది. పాదాల కింద నేల మెల్లగా జరిగినట్టయింది. సునామీ తర్వాత ఇలాంటివి ఎన్నో వచ్చాయి, ఎన్ని వచ్చినా కాళ్లకు అలవాటు పడలేదు. రాజకుమారి సింధూరిని చంకనేసుకుని ఒక్క ఉరుకులో వాకిట్లో పడింది. గోడవతల కాళమ్మ ఇంటిల్లిపాదీ కేకలు వేసుకుంటూ బయటికి వచ్చారు.

వాకిట్లో నిలబడి రాజకుమారి వెనక్కి తిరిగి చూసింది. ఈసారి ఎవరెవరు వచ్చారో చూసుకుంది. అత్త రాలేదు. మావయ్యా రాలేదు.

ఇంటి పక్కగా పరిగెత్తింది. స్టూలు పడి ఉంది. చీర ఒక పక్క తెగి వేలాడుతోంది.

"ఛీ! సిగ్గులేని ముసిలోడా! లోపలికొచ్చేశావేటి? బయటికి పో!" లోపల్నుంచి నూకరత్నం గొంతు.

"పోను."

"పొమ్మన్నానా! భూమి ఊగుతోంది, పో ముందు!"

"ఊగనీ. నువ్వొస్తేనే పోతాను."

రాజకుమారి అక్కడే ఆగిపోయింది. పాదాల కింద నేల ఇంకా సర్దుకోలేదు. తర్వాత నూకరత్నం గొంతు మళ్లీ వినబడింది, ఈసారి మెల్లగా.

"అయితే ఉండు. అటు తిరిగి ఉండు."